ఉప్పుకు తోడు చక్కెర

1971 జూన్ నెల. తూర్పు పాకిస్తాన్, అనగా నేటి బంగ్లాదేశ్ నుండి తరలివచ్చిన శరణార్థులతో పశ్చిమ బెంగాల్ సరిహద్దు పట్టణమైన బన్‌గావ్ కిక్కిరిసి ఉన్నది. కలరా విజృంభించింది. ఆసుపత్రిలో రోగులు కటిక నేలమీదనే పడి ఉన్నారు. రక్తనాళంలోకి ఎక్కించే సెలైన్ నిల్వలు అడుగంటాయి.

కలకత్తా నుండి వచ్చిన డాక్టర్ దిలీప్ మహలనబిస్ తెగించి ఒక నిర్ణయం తీసుకున్నారు. లీటరు నీటికి 22 గ్రాముల గ్లూకోజు, 3.5 గ్రాముల ఉప్పు, 2.5 గ్రాముల వంటసోడా: ఇంతే ఆయన మందు. సెలైన్‌ను విషమస్థితిలో ఉన్నవారికే కేటాయించి, ఈ ద్రావణాన్ని డ్రమ్ములలో కలిపించి, రోగుల బంధువుల చేతనే తాగించారు. అంతకు ముందు నూటికి 30 మంది దాకా మరణిస్తుండగా, ఆ సంఖ్య 4కు లోపుగా దిగివచ్చింది.

ఉప్పు ఎందుకో ఊహించగలం. చక్కెర ఎందుకు? నీరసించిన రోగికి సత్తువ కోసమని చాలామంది భావిస్తారు. అసలు సంగతి వేరు. ఆ చక్కెర ఒక తలుపు తీయడానికి.

పేగు గోడలోని ప్రతి జీవకణాన్నీ అతి పలుచని కొవ్వుపొర చుట్టి ఉంటుంది. ఉప్పులోని సోడియం ఆ పొరను తనంతట తాను దాటలేదు. పొరలో పొదిగి ఉన్న ప్రోటీను ద్వారాలే దానికి దిక్కు. కణానికి రక్తం వైపున మరో ప్రోటీను పంపువలె అహోరాత్రాలు పనిచేస్తూ, 3 సోడియం అయాన్లను బయటికి తోడి 2 పొటాషియం అయాన్లను లోనికి తెస్తుంది. కనుక కణంలో సోడియం ఎప్పుడూ తక్కువే. పేగులోని సోడియం, లాకుల వద్ద నిలిచిన కాలువ నీటివలె, లోనికి దూకడానికి సిద్ధంగా ఉంటుంది. అయితే ఒకానొక ద్వారం గ్లూకోజు తోడుంటేనే దానిని రానిస్తుంది: 2 సోడియం అయాన్లకు 1 గ్లూకోజు అణువు. వాటి వెంట నీరూ వస్తుంది. 1960లో ప్రాగ్ నగరంలో జరిగిన సదస్సులో రాబర్ట్ క్రేన్ ఈ జంట రవాణాను ప్రతిపాదించారు. ('జంట రవాణా' అన్నది నా అనువాదం, ఇంతకంటె మంచి మాట దొరికితే సంతోషమే.)

కలరా విషం పేగుకణంలోని క్లోరైడు ద్వారాలను బార్లా తెరిపిస్తుంది. ఉప్పు, దాని వెనుక నీరు, పేగులోకి వరదగా దిగిపోతాయి. వట్టి ఉప్పునీరు ఎంత తాగించినా ఒంటబట్టదు. కాని చక్కెర ద్వారం జోలికి ఆ విషం పోదు. బన్‌గావ్‌లో ప్రాణాలు నిలిచింది ఆ ఒక్క మినహాయింపు మీదనే.

చక్కెర ఎక్కువైతే మేలూ ఎక్కువ అనుకోరాదు. చిక్కని ద్రావణం నీటిని తిరిగి పేగులోకే లాగుతుంది. 2002లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఉప్పునూ చక్కెరనూ రెంటినీ తగ్గించింది.

1980 నుండి బంగ్లాదేశ్‌లో బ్రాక్ సంస్థ కార్యకర్తలు ఇల్లిల్లూ తిరిగి తల్లులకు ఈ పానీయం నేర్పారు: మూడు వేళ్ల చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లం, అర్ధసేరు నీరు. బెల్లంలోని చక్కెర పేగులో విడిపోయి గ్లూకోజునిస్తుంది. తల్లులకు పాఠం ఎంతవరకు గుర్తున్నదో తరువాత వేరొకరు వెళ్లి పరీక్షించేవారు. నేర్పిన కార్యకర్త జీతం దానిని బట్టే.