కంప్యూటరు కోడులో విభక్తి



కంప్యూటరుకు పని చెప్పువారు ఒకే లెక్కను మాటిమాటికి వ్రాయక, దానికొక పేరు పెట్టి ఉంచుకొందురు. దానిని ఫంక్షను అందురు. పేరుతో పిలిచి కావలసిన విలువల నందించినచో అది ఫలితమును తిరిగి యిచ్చును. ఆ విలువలే ఆర్గ్యుమెంట్లు. వీని నందించుటలో కలుగు పొరపాట్లను, వాని దిద్దుబాటును గూర్చి నేడు ముచ్చటింతము.

ఉదాహరణమునకు ఉద్దానమునే గైకొందము. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మొదలగు తావులలో, కొబ్బరి, జీడిమామిడి తోటల నడుమ నివసించు జనులను మూత్రపిండముల వ్యాధి ఏండ్ల తరబడి బాధించుచున్నది. దాని మూలకారణ మింకను నిశ్చయముగా తేలలేదు. 2023లో పలాసయందు ఈ వ్యాధికై పరిశోధన కేంద్రమును, ఆసుపత్రియు వెలసినవి. వైద్యులు నెత్తుటిలోని క్రియాటినిన్‌ను కొలిచి, 2021 నాటి సి.కె.డి.-ఇ.పి.ఐ. సూత్రముచే మూత్రపిండముల వడపోత వేగమును అంచనా కట్టుదురు. దానికి క్రియాటినిన్, వయస్సు, స్త్రీయో పురుషుడో అను మూడు సంగతులు కావలెను. ఫలితము 60కి లోబడి మూడు నెలలకు మించి నిలిచినచో దీర్ఘవ్యాధిగా నెంతురు.

ఈ లెక్కను 'వడపోత' అను ఫంక్షనుగా పైథాను భాషలో వ్రాసితి మనుకొనుడు. క్రియాటినిన్ మాత్రమే యిచ్చి పిలిచితిమా, యంత్రము వెంటనే ఆగి, లోపించిన ఆర్గ్యుమెంటు పేరు చెప్పి, టైప్‌ఎర్రర్ అని చూపును. క్రొత్తవారు దీనికి జడియుదురు. కాని యిది మేలు చేయు తప్పు. ఆ సందేశపు కడపటి పంక్తి చదివి, ఫంక్షను నిర్వచనముతో పోల్చి, లోపించినదానిని చేర్చిన చాలును.

రెండవది వరుస తారుమారగుట. క్రియాటినిన్ 2 మిల్లీగ్రాములు, వయస్సు 50 గల పురుషునకు ఫలితము సుమారు 40. వయస్సును ముందుగా నిచ్చితిమా, సుమారు 1 వచ్చును. రెండును అంకెలే గనుక యంత్రము నోరు మెదపదు. అయినను అంతటి వింత ఫలితము మన కంటబడును.

మూడవది కంటబడని తప్పు. ఫంక్షను వ్రాసినవారు మూడవ ఆర్గ్యుమెంటునకు 'పురుషుడు' అని ముందే విలువ కట్టియుంచి రనుకొందము. 48 ఏండ్ల యిల్లాలికి క్రియాటినిన్ 1.3. ఆమె స్త్రీ యని తెలుపుట మరచితిమా, సుమారు 68 వచ్చును. సరియైన ఫలితము 51. అరువది దాటినదిగదా యని ఆమెను ఇంటికి పంపివేయుదుము!

దీనికి విరుగుడు మన వ్యాకరణమందే కలదు. "తల్లి బిడ్డను పిలిచెను" అన్నను, "బిడ్డను తల్లి పిలిచెను" అన్నను అర్థము చెడదు. ఎవరిని పిలిచెనో విభక్తి తెలుపుచున్నది. ఆర్గ్యుమెంటునకు దాని పేరే విభక్తి. వడపోత(వయస్సు=48, క్రియాటినిన్=1.3, లింగము='స్త్రీ') అని పిలిచినచో వరుస యెట్లున్నను చిక్కు లేదు. నిర్వచనములో ఆర్గ్యుమెంట్లకు ముందు నక్షత్రపు గుర్తొకటి యుంచిన, పేరు చెప్పనిదే పైథాను అంగీకరింపదు. లింగమునకు ముందుగా విలువ కట్టరాదు. అపుడు మన మరపు మొదటి రకపు తప్పై వెంటనే బయటపడును.

కడపట నొక జాగ్రత్త. ఫంక్షనును పనిలో పెట్టుటకు ముందు ఒక స్త్రీకిని, ఒక పురుషునకును చేతితో లెక్క కట్టి, యంత్రపు జవాబుతో సరిచూడుడు. ఆ పది నిమిషముల శ్రమ ఒక యిల్లాలి వ్యాధిని వేళకు తెలుపవచ్చును.