తాళం అందరికీ, చెవి ఒక్కరికే

మా తాతగారు రంగూన్‌లో వుండే రోజుల్లో ఆయన రాసిన వుత్తరాల సంగతి మా నాయనమ్మకంటే ముందు వీధివాళ్లకు తెలిసేదట. నాయనమ్మకు చదువు రాదు. తపాలా బంట్రోతు అరుగుమీద కూర్చుని, చెంబెడు మంచినీళ్లు తాగి, గొంతు సవరించుకుని చదివేవాడు. చుట్టూ పదిమంది చేరేవారు. కళింగపట్నం రేవులో ఓడ యెక్కి బర్మా వెళ్లినవాళ్లు ప్రతి వూళ్లోనూ వుండేవారు కనుక, ఒకరి వుత్తరం అందరి వుత్తరమే.

ఆ వుత్తరాల్లో అప్పుడప్పుడు ఒక వాక్యం వచ్చేది: "మన గేదె యీనిందా?" అని. మా యింట్లో గేదె లేదు. వినేవాళ్లు ముఖముఖాలు చూసుకునేవారు. బంట్రోతు కూడా, "యీయనకేదో మతిమరుపు" అని నవ్వి, కార్డు చేతికిచ్చి పోయేవాడు. నాయనమ్మ మాత్రం లోపలికి పోయి దేవుడి దగ్గర దీపం పెట్టేది. ఆ మాటకు అర్థం, "మనిషి చేత డబ్బు పంపుతున్నాను, మా అన్నయ్యకు చెప్పకు" అని. ఓడ యెక్కబోయే ముందు రాత్రి తాతగారు చెప్పి వెళ్లిన గుర్తు అది.

నాకు డెబ్భై యేళ్లు. హరిశ్చంద్రపురంలో కాపురం, బడిపంతులుగా పనిచేసి రిటైరయ్యాను. యిన్నాళ్లకు ఆ గేదె మళ్లీ గుర్తుకు రావడానికి కారణం మా బావగారి రక్తపరీక్ష కాగితం.

మా అక్కగారిది వుద్దానం, కవిటి పక్క పల్లె. కొబ్బరితోట, కాస్త జీడితోట. వుద్దానంలో మూత్రపిండాల జబ్బు సంగతి పత్రికలు చదివేవారికి కొత్త కాదు. యెంతోమంది వైద్యులు వచ్చి చూశారు, నీళ్లు పరీక్షించారు, మట్టి పరీక్షించారు. అసలు కారణం యిదీ అని యింతవరకు తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో యీ జబ్బు కోసమే ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరిచారు. 'క్రియాటినిన్' అనే మాట ఆ పక్క ఆరో తరగతి పిల్లలకు కూడా తెలుసు. బావగారికి ఆ అంకె పెరిగింది. అదే సమయంలో మా మేనకోడలికి సంబంధం కుదిరేలా వుంది.

మేనల్లుడు హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ వుద్యోగి. "మావయ్యా, ఆ రిపోర్టు పంపు, యిక్కడ డాక్టరుకు చూపిస్తాను" అన్నాడు. నాకు ఫోనులో ఫోటో తీస్తే సగం వెలుగు, సగం నీడ వస్తుంది. అందుకని ఒక నెట్ షాపుకు వెళ్లాను. ఆ కుర్రాడు మంచివాడు. కాగితం స్కాన్ చేశాడు, షాపు తాలూకు మెయిల్ నుంచే పంపించాడు, యిరవై రూపాయలు పుచ్చుకున్నాడు. పది రోజులు తిరక్కుండా పెళ్లిళ్ల పేరయ్య ఫోను చేశాడు: "యేటండీ మేష్టారూ, బావగారికి కిడ్నీ అట గదా?"

మా అక్క రెండు రోజులు అన్నం ముట్టలేదు. నేను అక్క మొహం చూడలేకపోయాను.

సంక్రాంతికి మేనల్లుడు వచ్చాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అరుగుమీద కూర్చుని, "మావయ్యా, నువ్వు కవరు పంపాననుకున్నావు. పంపింది కార్డు" అన్నాడు. మామూలు మెయిల్ దారిలో వెళ్లేటప్పుడు యిప్పుడు చాలావరకు మూతపెట్టే వెళుతుందట. అయితే ఆగినచోటల్లా మూత తీసి వుంటుంది. షాపు కంప్యూటరులో స్కాన్ చేసిన ప్రతి వుండిపోయింది, 'పంపినవి' అనే అరలో యింకొకటి, మెయిల్ నడిపే కంపెనీ దగ్గర మరొకటి. మా సంగతి యే ప్రతినుంచి బయటపడిందో యిప్పటికీ తెలియదు. తెలుసుకున్నా ప్రయోజనం లేదు.

"మరి మీ తాతయ్య చేసినట్టు గేదె పెట్టుకోవాలా?" అన్నాను. వాడికి ఆ కథ చెప్పాను. నవ్వలేదు సరికదా, దీర్ఘంగా ఆలోచించి, "ఆ పద్ధతిలో ఒకటే చిక్కు మావయ్యా. ముందుగా యిద్దరూ ఒకచోట కూర్చుని గుర్తు చెప్పుకోవాలి. యెన్నడూ కలవనివాళ్లు యేం చేస్తారు? గేదెకు అర్థం చెప్పుకోలేదు గదా కార్డు మీద!" అన్నాడు.

ఆలోచిస్తే అది పెద్ద చిక్కే. రాజులూ సేనాపతులూ గూఢలిపి వాడినంత కాలమూ, రహస్యం పంపాలంటే ముందు రహస్యపు తాళంచెవిని పంపాలి. దాన్ని మోసుకెళ్లే నమ్మకమైన మనిషి కావాలి. 1976లో అమెరికాలో విట్‌ఫీల్డ్ డిఫీ, మార్టిన్ హెల్‌మన్ అనే యిద్దరు యీ ముడి విప్పారు. అందరూ వింటూ వుండగానే యిద్దరు మాట్లాడుకుని, వినేవారికి అందని రహస్యాన్ని తయారు చేసుకోవచ్చునని చూపించారు. మరుసటేడు రివెస్ట్, షమీర్, ఏడిల్‌మన్ అనే ముగ్గురు రెండు తాళంచెవుల పద్ధతి తెచ్చారు. చిత్రమేమంటే బ్రిటిష్ ప్రభుత్వపు గూఢచారి శాఖలో జేమ్స్ ఎల్లిస్, క్లిఫర్డ్ కాక్స్, మాల్కం విలియమ్సన్ అనేవారు అంతకు ముందే యీ సంగతులు కనిపెట్టి నోరు మూసుకున్నారు. 1997 వరకూ ఆ ముచ్చట బయటికి రాలేదు. రహస్యం దాచే విద్యను కూడా రహస్యంగానే దాచారన్నమాట!

రెండు తాళంచెవులేమిటని అడుగుతారు. గుడిలో హుండీ చూశారు గదా. దాంట్లో డబ్బు వెయ్యడానికి యెవరి అనుమతీ అక్కరలేదు. తియ్యడానికి మాత్రం ధర్మకర్త దగ్గర చెవి వుండాలి. వేసినవాడు కూడా తిరిగి తీసుకోలేడు. మా మేనల్లుడు తన హుండీని లోకానికంతటికీ పంచిపెడతాడు. దానిని బహిరంగపు తాళం అనుకోండి. నేను నా జాబు ఆ హుండీలో వేసి పంపుతాను. దారిలో పదిమంది చేతులు మారినా, తెరవగలిగే చెవి వాడి దగ్గర ఒక్కటే వుంటుంది. ఆ చెవి వాడి యంత్రం దాటి బయటికి రాదు.

నిజంగా అక్కడ యినుపపెట్టె యేమీ లేదు, వున్నది లెక్క. 89ని 97తో హెచ్చవేయమంటే మా వీధి పిల్లలు నిమిషంలో 8633 అంటారు. అదే 8633 యిచ్చి, యే రెండు అంకెలు హెచ్చిస్తే యిది వచ్చిందో చెప్పమంటే కాగితాలు ఖరాబవుతాయి. ముగ్గురు కలిసి తెచ్చిన పద్ధతిలో యీనాడు వాడే అంకెకు ఆరువందల పైచిలుకు స్థానాలుంటాయి. 2020లో పండితులు యెన్నో కంప్యూటర్లు పెట్టి అలాటి 250 స్థానాల అంకెను విడగొట్టారు, అదే గొప్ప వార్త అయింది. వాట్సప్ వాడే లెక్క వేరే జాతిది గాని, వెయ్యడం సులువు, విప్పడం కష్టం అనే మర్మం మాత్రం యిదే.

1991లో ఫిల్ జిమ్మర్‌మన్ అనే అమెరికను యీ తాళాన్ని మామూలు మనిషి మెయిల్‌కు అమర్చి, పీజీపీ అని పేరుపెట్టి, వుచితంగా పంచాడు. తుపాకులు యెగుమతి చేసినట్టే యిదీ నేరమంటూ అక్కడి ప్రభుత్వం మూడేళ్లు దర్యాప్తు నడిపి, 1996లో మానుకుంది. ఆ వంశంలోదే యీనాటి గ్నూపీజీ. థండర్‌బర్డ్ అనే మెయిల్ పరికరంలో 2020 నుంచి యీ యేర్పాటు లోపలే వుంది. మేనల్లుడు నాకూ ఒకటి అమర్చి పెట్టాడు. వుపయోగించడం, నిజం చెప్పాలంటే, కొంచెం తలనొప్పి. చెవికి పెట్టిన దాటుమాట మరిచిపోతే ఆ జాబులు యిక బ్రహ్మకు కూడా తెరుచుకోవు. తాళం పగలగొట్టే కంసాలి యిక్కడ లేడు. నేను దాటుమాట కాగితం మీద రాసి భోషాణంలో పెట్టాను. వాడు ముఖం చిట్లించాడు గాని, మా వూళ్లో భోషాణం దొంగకు దాటుమాటతో పనేమిటి?

వాట్సప్‌లో యీ శ్రమ లేదు. 2016 ఏప్రిల్ నుంచి అందరి కబుర్లకూ యీ తాళం దానంతటదే పడుతుంది, ప్రతి కబురుకూ కొత్త చెవి పుడుతుంది. టెలిగ్రాంలో అయితే 'రహస్య సంభాషణ' అని విడిగా తెరుచుకుంటేనే గాని అంత కట్టుదిట్టం లేదు. వాట్సప్‌లోనూ ఒక కన్నం వుంది. పాత కబుర్లు పోకుండా మరోచోట దాచే బ్యాకప్‌కు తాళం మనం వేసుకుంటేనే పడుతుంది. 2021లో ఆ వీలు వచ్చింది. మా యింట్లో యెవరూ వెయ్యలేదు. యీ వ్యాసం చదివేవారి యిళ్లలో యెందరు వేశారో!

యిక రెండో ముచ్చట సంతకం. అదే జత తాళంచెవులు తిరగేస్తే సంతకమవుతుంది. నా దగ్గరే వున్న చెవితో ముద్ర వేస్తాను. లోకం దగ్గరున్న నా బహిరంగపు తాళంతో యెవరైనా దాన్ని సరిచూడవచ్చు. కాగితంలో ఒక్క అక్షరం మారినా ముద్ర తప్పిపోతుంది. మన దేశంలో 2000 అక్టోబరులో అమలులోకి వచ్చిన ఐటీ చట్టం యిలాటి సంతకాన్ని చేవ్రాలుతో సమానం చేసింది. (వీలునామాకు మాత్రం పనికిరాదు. దానికి యిప్పటికీ కలమూ, సాక్షులూ కావలసిందే.) బ్యాంకుల కోసం యీ సంతకాలకు పూచీపడే లైసెన్సు 2002లో పొందినది మన హైదరాబాదులోని ఐడీఆర్‌బీటీ, రిజర్వు బ్యాంకు పెట్టిన సంస్థ. 2011లో వుమ్మడి రాష్ట్రంలో మీసేవ మొదలైనప్పుడు ఆదాయ పత్రాలూ, అడంగళ్లూ యీ సంతకంతోనే వచ్చాయి.

ఆ రోజుల్లో మా పొరుగాయన అలాటి పత్రం పట్టుకుని ఒక ఆఫీసుకు వెళ్లాడు. సంతకం మీద పసుపుపచ్చని ప్రశ్నార్థకం అచ్చయి వుంది. అది దొంగ పత్రమని గుమాస్తాగారు తిప్పి పంపారు. సంతకంలో తప్పులేదు. చూసిన కంప్యూటరుకు మన దేశపు పూచీదారు యెవరో తెలియదు, అంతే. తెలియనివాడి ముద్రను ముందుపెట్టి, 'యీయన యెవరు?' అని అది అడిగింది. ఆ ప్రశ్ననే అచ్చువేసి యిచ్చారు! పైగా కాగితం మీద అచ్చయినాక అది సంతకమే కాదు, సంతకం బొమ్మ. సరిచూడవలసింది కంప్యూటరులోని ప్రతినీ, దాని నెంబరునూ. సత్యహరిశ్చంద్రుడి పేరున్న వూరివాడు తన నిజానికి రుజువు కోసం నాలుగుసార్లు బస్సెక్కాడు.

మేనల్లుడు రాసే ప్రోగ్రాములకూ యిలాటి ముద్రే వేస్తారట. మన ఫోనులోని ప్రతి ఆప్ మీదా తయారుచేసినవాడి ముద్ర వుంటుంది. కొత్త కూర్పు వచ్చినప్పుడు అదే చేతి ముద్ర లేకపోతే ఫోను లోపలికి రానివ్వదు. ఆ ముద్ర పోతే కొంప మునిగినట్టే. ఇరాన్ అణు యంత్రాలను పాడుచేసిన స్టక్స్‌నెట్ అనే పురుగు 2010లో బయటపడినప్పుడు, దాని మీద తైవాను కంపెనీలు రెంటి అసలు ముద్రలున్నాయి, దొంగిలించినవి. అందుకే 2023 జూన్ నుంచి యిలాటి ముద్రచెవులను కంప్యూటరులో వుత్త ఫైలుగా వుంచకుండా, విడి పరికరంలో భద్రం చెయ్యాలని నియమం పెట్టుకున్నారు.

అయితే ముద్ర వున్నంత మాత్రాన మంచివాడని కాదు. దొంగకూ వుంగరం వుంటుంది. మొన్న మా వీధిలో ఒకాయనకు వాట్సప్‌లో 'ట్రాఫిక్ చలానా' అని ఒక ఏపీకే ఫైలు వచ్చింది. ఆయన దగ్గర వున్నది సైకిలు! అయినా నొక్కబోయాడు, మనమడు ఫోను లాక్కున్నాడు. ఆ ఫైలుకూ ముద్ర వుంటుంది, అది వచ్చిన దారికీ తాళం వుంది. తాళం దొంగ వుత్తరాన్ని కూడా అంతే జాగ్రత్తగా తీసుకువస్తుంది.

మరి నేను హుండీలో వేశాననుకున్నది మేనల్లుడి హుండీయేనా, వాడి పేరు రాసి మరొకడు పెట్టిందా? అసలు ప్రశ్న యిదేనని వాడన్నాడు. దానికి వాట్సప్‌లో ఒక వుపాయం వుంది. యిద్దరి ఫోనుల్లోనూ అరవై అంకెలు కనపడతాయి, అయిదేసి చొప్పున పన్నెండు గుంపులు. రెండూ ఒకటైతే మధ్యలో యెవరూ లేనట్టు. యెదురుగా వుంటే గళ్లబొమ్మ చూపితే చాలు, దూరానవుంటే చదువుకోవాలి. ఫోను మారిస్తే ఆ అంకెలూ మారతాయి.

సంబంధం మాట చెప్పలేదు కదూ. ఆ రాత్రి మేనకోడలే నోరు విప్పింది: "దాచిపెట్టి చేసే పెళ్లి నాకొద్దు మావయ్యా. వాళ్లకు చెప్పవలసిందే. కాని చెప్పవలసింది నాన్న. నెట్ షాపు కాదు." బావగారు మర్నాడు తానే బస్సెక్కి వెళ్లి, కాగితాలన్నీ వాళ్ల ముందు పెట్టి వచ్చారు. వాళ్లు ఆలోచించుకుంటామన్నారు. యింకా ఆలోచిస్తున్నారు. పుట్టస్వామి కేసులో 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీలు గోప్యత ప్రాథమిక హక్కని తీర్పు చెప్పిన సంగతి అప్పుడు పత్రికలో చదివి మడిచి పెట్టాను. మా మేనకోడలు చదవలేదు.

పోయిన వారం మేనల్లుడు కొత్త ఫోను కొన్నాడు. అంకెలు మారాయని నా ఫోను చెప్పింది. బావగారి కొత్త రిపోర్టు పంపవలసి వుంది. అక్క మా యింట్లోనే వుంది. వాణ్ణి పిలిచి, గొంతు పోల్చుకుని, అరుగుమీద కూర్చుని అరవై అంకెలూ గట్టిగా చదవడం మొదలుపెట్టాను. దారిన పోయేవాళ్లు ఆగి చూశారు. విననిద్దురూ, యీ అంకెలు విన్నందువల్ల యెవరికీ యేమీ దొరకదు. అక్క లోపలినుంచి తొంగి చూసి, "యేట్రా యిది, యెక్కాలా?" అంది.

"కాదే అక్కా, గేదె యీనిందా అని అడుగుతున్నాను" అన్నాను.