మడత చాకు లాకు అరుగుదల – సభ్యులు గమనించవలసిన సంగతులు

గత వర్షాకాలంలో ఆమదాలవలస ప్రాంతంలోని ఒక పాల ఉత్పత్తిదారుల సంఘం రికార్డులు తనిఖీ చేస్తుండగా, పాల సేకరణ రిజిస్టరులో ఒక సభ్యుని పద్దు నా కంటబడింది. పూటకు 4 లీటర్లకు తగ్గకుండా పోసే మనిషి. ఒకనాటి సాయంత్రం నుండి లీటరున్నరకు దిగి, 18 రోజులు అలాగే సాగింది. ఈత దగ్గరపడిందా, పొదుగువాపు చేసిందా అని కార్యదర్శిని అడిగాను. "గేదె బాగానే ఉందండి, దెబ్బ తగిలింది మనిషికి" అన్నారు.

సాయంత్రం పాలు పోసే వేళకు ఆ సభ్యుడే వచ్చాడు. కుడిచేతి రెండు వేళ్ళకూ కట్టు ఉన్నది. జరిగినదేమంటే, రాత్రివేళ గేదె నైలాన్ పలుపులో చిక్కుకొని మెడ బిగుసుకుపోయింది. ఇతడు జేబులోని మడత చాకు తెరచి, అలుగును తాడు క్రిందకు, పదును పైకి ఉండేట్లు దూర్చి కోస్తున్నాడు. తాడు సగం తెగింది. అంతలో గేదె మెడ విదిలించింది. మెడ వచ్చి చాకు వీపుకు తగిలింది. "ముడుసుకుపోనాది బాబూ. లాకు ఉన్నాదనే కదా ధైర్యంగా పట్టినాను" అన్నాడు. గేదె బ్రతికింది. కాని పాలు పితికే చేయి పోయింది. తమ్ముని కొడుకు పితికితే కొత్త చేతికి గేదె సరిగా చేపలేదు. రిజిస్టరులో నేను చూచిన లీటరున్నర లెక్క అదే.

చాకు చూపించమన్నాను. ఓడ మీద పనిచేసే కొడుకు ఆరేళ్ళ క్రితం తెచ్చి ఇచ్చినదట. ఫ్రేమ్ లాక్ రకం. ఆ రాత్రి అది ఉన్నట్టుండి మోసం చేసిందని అతని అభిప్రాయం. నేను పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా చదివి, తరువాత ఈ శాఖలోకి వచ్చినవాడిని. చాకు తెరచి ఎదురుగా పట్టి చూడగానే అది ఆ రాత్రి చెడినది కాదనీ, కనీసం రెండు మూడేళ్ళుగా చెడుతూ వస్తున్నదనీ అర్థమైంది. ఇటువంటి చాకులు ఇప్పుడు మన సంతలలో కూడా చౌకగా దొరుకుతున్నాయి. సంఘాలకు వెళ్ళినప్పుడు చాలామంది జేబులలో చూస్తున్నాను. కావున ఈ సంగతి నాలుగు మాటలు వ్రాయడం అవసరమనిపించింది.

మన పెద్దలు వాడిన మడత చాకుకు లాకు లేదు. వెనుక ఒక స్ప్రింగు పట్టీ మాత్రం ఉండేది. వీపు మీద గట్టిగా నొక్కితే మడిచిపోతుందని అందరికీ తెలుసు గనుక ఆ జాగ్రత్తతోనే వాడేవారు. ఫ్రాన్సు దేశంలో 1890లో మొదలైన ఒపినెల్ చాకుకు 1955లో తిరిగే కడియం ఒకటి చేర్చి, అలుగు మడవకుండా ఆపారు. 1980 ప్రాంతంలో అమెరికాలో మైకేల్ వాకర్ అనే ఆయన పిడి లోపలి పల్చని రేకునే స్ప్రింగుగా చేసి అలుగు వెనుక అడ్డుపడేట్లు అమర్చాడు. దక్షిణాఫ్రికాకు చెందిన పనివాడు క్రిస్ రీవ్ 1987లో ఇంకొక అడుగు వేసి, వేరే రేకు లేకుండా పిడి పలకనే చీల్చి లాకు చేశాడు. అదే ఫ్రేమ్ లాక్. ఈ పద్ధతిలో చేసిన చాకుకు ఆయన సెబెంజా అని పేరు పెట్టాడు. జులూ భాషలో ఆ మాటకు 'పని' అని అర్థం. ఈనాడు సంతలో దొరికేవన్నీ ఆ పద్ధతికి చౌక అనుకరణలే.

లాకు పనిచేసే తీరు

చాకు పిడికి రెండు లోహపు పలకలుంటాయి. వాటిలో ఒకదానిని పొడవునా చీల్చి, ఒక పట్టీ లోపలికి వంగి ఉండేట్లు చేస్తారు. అలుగు పూర్తిగా తెరచుకొనగానే ఈ పట్టీ లోపలికి జారి, అలుగు మడమ వెనుక ఆనుకొంటుంది. ఆ మడమ నిలువుగా కోసి ఉండదు, సుమారు 8 డిగ్రీల ఏటవాలుగా ఉంటుంది. గొడ్డలి పిడిలో మనం చీల కొడతాం గదా. కర్ర ఎండి వదులైతే చీలను ఇంకొంచెం లోపలికి దిగగొట్టి బిగిస్తాం. ఇక్కడ లాకు పట్టీ కూడా అటువంటి చీలే. అరిగినకొద్దీ స్ప్రింగు బలంతో తనంతట తానే ఇంకొంచెం లోపలికి జరిగి, వదులును పూడ్చుకొంటుంది. అందుచేతనే సంవత్సరాలు వాడినా చాకు బిగువుగానే ఉన్నట్లు తోస్తుంది. ఇందులో మంచి ఉన్నది, మోసమూ ఉన్నది.

లెక్క చూద్దాము. 8 డిగ్రీల వాలు అంటే పొడవున 7 వంతులకు ఎత్తు 1 వంతు. కనుక లోహం 0.1 మిల్లీమీటరు, అనగా మామూలు కాగితమంత మందం అరిగితే, పట్టీ 0.7 మిల్లీమీటరు ప్రక్కకు జరుగుతుంది. అలుగు మందం మూడున్నర మిల్లీమీటర్లు అనుకోండి. కొత్తలో పట్టీ 1 మిల్లీమీటరు మేర ఆనుతుంది. మిగిలిన రెండున్నర మిల్లీమీటర్లు అరుగుదలకు ఉన్న నిల్వ. ఆ నిల్వ మొత్తం అయిపోవడానికి లోహం 0.35 మిల్లీమీటరు అరిగితే చాలు. మూడున్నర కాగితాల మందం! అంతవరకు లాకు తన లోపాన్ని తానే సర్దుకొంటుంది. ఆ తరువాత పట్టీ ఎదుటి పలకను తాకుతుంది, ఇంక జరగడానికి చోటు ఉండదు. అక్కడి నుండి అరిగిన ప్రతి వెంట్రుకవాసీ వదులుగానే మిగులుతుంది. మన సభ్యుని చాకు ఆ స్థితి దాటిపోయి ఉన్నది.

కొత్త చాకు మొదటి కొద్ది వారాలలో పట్టీ కొంచెం జరిగితే కంగారుపడవలసిన పనిలేదు. రెండు లోహాల గరుకులు ఒకదానికొకటి సర్దుకొంటాయి. ఆనే చోటు వెడల్పయిన తరువాత అరుగుదల నెమ్మదిస్తుంది. ఏడాది గడిచినా పట్టీ నిలకడగా జరుగుతూనే ఉంటే మాత్రం ఏదో కారణం ఉన్నట్లే.

మొదటి కారణం లోహమే. అలుగు గట్టిపరచిన ఉక్కు. రాక్‌వెల్ కొలతలో 58 నుండి 60 ఉంటుంది. పిడి టైటానియం మిశ్రమమైతే 36 ప్రాంతం. మెత్తనిది అరుగుతుంది. పైగా టైటానియానికి ఉక్కును అంటిపట్టే గుణం ఉన్నది, అందువలన కొత్తలో లాకు తీయబోతే అతుక్కొన్నట్లు ఉంటుంది. పేరున్న తయారీదారులు లాకు మొనకు విద్యుత్ నిప్పురవ్వతో గట్టి కార్బైడ్ పూత వేస్తారు, లేదా స్క్రూలతో మార్చుకోదగిన ఉక్కు ముక్క బిగిస్తారు. రీవ్ కంపెనీ తరువాతి నమూనాలలో గట్టి సెరామిక్ గోళీ అమర్చింది. చౌక చాకులలో ఇవేవీ ఉండవు. గట్టిపరచని స్టీలు పలకే లాకు, దాని ముఖం కూడా సరిగా కోసి ఉండదు.

రెండవది మన వాడకం. మణికట్టు విదిలించి టక్కుమని తెరవడం కుర్రవాళ్ళకు సరదా. అలా తెరచిన ప్రతిసారి పట్టీ మడమను సుత్తిదెబ్బలా కొడుతుంది. అడ్డుగా ఉన్న పిన్ను కూడా దెబ్బ తిని సొట్టపోతుంది. పిన్ను సొట్టపోతే అలుగు ఇంకొంచెం వెనుకకు వెళుతుంది, ఆ మేరకు పట్టీ మళ్ళీ లోపలికి జరుగుతుంది. పట్టీ అరగకుండానే అరిగినట్లు కనబడడం ఈ విధంగానే. మడిచేటప్పుడు పట్టీని అవసరానికి మించి బయటకు వంచినా స్ప్రింగు బలం చస్తుంది.

మూడవది దుమ్ము. ఇది పాడి రైతుకు ప్రత్యేకం. మన వరిగడ్డిలో సిలికా ఎక్కువ. ఇసుకలో ఉన్న పదార్థమే అది. గడ్డిమోపుల కట్లు కోసినప్పుడు ఆ ధూళి లాకు సందులోకి చేరి సానరాయిలా పనిచేస్తుంది. దాని మీద నూనె పోస్తే గంధం అరగదీసినట్లే. ఉప్పు, ఖనిజ మిశ్రమం తాకిన చేత్తో చాకు పట్టుకొని అలాగే జేబులో వేస్తే, స్టీలు లాకు ముఖం తుప్పుపట్టి పొరలు పొరలుగా రాలుతుంది. నేను చూచిన చాకులో తుప్పు, గడ్డి ధూళి రెండూ ఉన్నాయి.

పరీక్షించే పద్ధతి

చాకును తెరచి, మొన మీకు దూరంగా ఉంచి, వెలుతురులో పిడిలోకి అలుగు మడిగే సందు వైపు నుండి చూడండి. పట్టీ అలుగు మందంలో ఎంత మేర ఆనిందో స్పష్టంగా కనబడుతుంది. పావు వంతు నుండి సగం వరకు ఉంటే బాగున్నట్లు. మూడు వంతులు దాటితే బరువు పనులకు వాడవద్దు. ఎదుటి పలకను తాకితే దాని పని అయిపోయినట్లే. గుర్తు కోసం పట్టీ అంచు ఎక్కడ ఉన్నదో మడమ మీద సన్నని పెర్మనెంట్ మార్కరుతో గీత గీచి, ఆరు నెలలకొకసారి చూచుకోవచ్చు. గీత చెరిగితే తిరిగి పాత చోటనే గీయాలి సుమా, కొత్త చోట కాదు!

తరువాత అలుగును కదిపి చూడాలి. ప్రక్కలకు ఊగితే ఇరుసు స్క్రూ వదులైందన్నమాట. బిగిస్తే పోతుంది. పైకి క్రిందకు, అనగా తెరిచే మడిచే దిక్కున కదిలితే అది లాకు వదులు. స్క్రూ ఎంత బిగించినా పోదు. ఈ రెంటికీ తేడా తెలియక మన సభ్యుడు ఏడాదిగా స్క్రూ బిగిస్తూ వచ్చాడు. చివరికి దాని తల అరిగిపోయింది గాని లాకు బాగుపడలేదు.

కొందరు చాకు వీపును బల్లకేసి కొట్టి లాకు బలం చూస్తారు. అది పరీక్ష కాదు, పాడుచేయడం. వేళ్ళు అలుగు దారిలో లేకుండా పిడి వెనుక భాగాన్ని మాత్రమే పట్టుకొని, వీపును ఒక చెక్కకు ఆనించి నెమ్మదిగా ఒత్తిడి పెంచితే చాలు. జారేదైతే అక్కడే జారుతుంది.

బాగుచేయించడం గురించి అడిగేవారున్నారు. కమ్మరి దగ్గరకు తీసుకువెళితే పట్టీని ఇంకా లోపలికి వంచి ఇస్తాడు. బిగువు వచ్చినట్లుంటుంది. కాని ఇప్పటికే లోపలికి ఎక్కువ వెళ్ళిన పట్టీని ఇంకా లోపలికి నెట్టినందువలన పోగొట్టుకొన్న నిల్వ తిరిగి రాదు. అడ్డు పిన్ను తీసి దానికంటె కొద్దిగా లావు పిన్ను వేయడం సరైన మార్గం. అలుగు కొంచెం ముందే ఆగి, పట్టీ వెనుకకు వస్తుంది. ఇది లేతు పనివాడు చేయగలిగినదే, కాని ఒక వెంట్రుకవాసి ఎక్కువైతే లాకు అసలు పడదు. వంద, రెండు వందల చాకుకు అంత ఖర్చు పెట్టడం దండుగని నా ఉద్దేశం.

ఇక జాగ్రత్త చెప్పాలంటే, వారానికొకసారి పాత పళ్ళకుంచెతో సందులోని ధూళి దులిపి, గుడ్డతో పొడిగా తుడవాలి. ఇరుసు దగ్గర ఒక్క చుక్క నూనె చాలు. లాకు ముఖం మీద నూనె వేయకూడదు, పట్టు జారుతుంది. కొత్త లాకు అతుక్కొంటుంటే పెన్సిలు ముక్కుతో మడమ మీద ఒకసారి రుద్దితే సరిపోతుంది.

అసలు దాణా బస్తా విప్పడానికి చాకుతో పనే లేదు. గొలుసుకుట్టు వేసిన బస్తాకు సరైన కొస పట్టి లాగితే దారం మొత్తం ఊడివస్తుంది, బస్తా కూడా చిరగదు. పశువుల పాకలో తాడు కోయడానికైతే మడత లేని కత్తి మేలు. ఆమదాలవలసలో సహకార చక్కెర కర్మాగారం నడిచిన రోజులలో చెరకు నరికిన కత్తులు కొన్ని ఇళ్ళలో ఇంకా చూరుకు వ్రేలాడుతున్నాయి. వాటికి ఇరుసూ లేదు, లాకూ లేదు, అరిగేది పదును ఒక్కటే.

వేలు తెగితే వెంటనే కడిగి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళి ధనుర్వాతం టీకా వేయించుకోవాలి. పాకలో తగిలిన గాయానికి ఇది తప్పనిసరి. చీము పట్టిన చేత్తో పాలు పితికితే ఆ క్రిములు చనుకట్లలోకి చేరి పొదుగువాపు తేగలవు. గాయం మానేవరకు ఇంట్లో మరొకరు పితకాలి. ఆ మరొకరు అప్పటికే గేదెకు అలవాటైన చేయి అయి ఉండాలి గనుక, వారానికి రెండు పూటలైనా రెండవ మనిషితో పితికించడం మంచిది. మన సభ్యుడు ఇప్పుడు అలాగే చేస్తున్నాడు. మొన్న తనిఖీకి వెళ్ళినప్పుడు రిజిస్టరులో మళ్ళీ 4 లీటర్లు కనిపించాయి. చాకు మాత్రం పాకలో లేదు. కొడుకు తెచ్చినది గనుక పారేయడానికి మనసొప్పక, భార్య కూరగాయల బుట్టలో వేసుకొన్నదట.