ముందు కొయ్య, తరువాత కరెంటు

పాఠశాల ప్రార్థన సభకు హార్మోనియం పెట్టె ఒక్కటి ఉంటే చాలుననుకున్న రోజులు గడచిపోయినవి. పట్టణాలలోనే కాక చిన్న ఊళ్లలో సైతం నేడు పిల్లలు గిటారు కావాలంటున్నారు. అదియును ఊరికే మీటే గిటారు కాదు; వైరు తగిలిస్తే వార్షికోత్సవ వేదిక మీది లౌడ్‌స్పీకరులో పలికే గిటారు. దుకాణాలలో దీనిని 'సెమీ అకౌస్టిక్' అనడం వాడుక. నిజానికి ఆ పేరు వేరొక జాతి వాద్యానికి చెందినది. కొయ్యపెట్టెతో స్వయంగా మోగుతూ, అవసరమైనప్పుడు విద్యుత్తును తోడు తెచ్చుకొనే ఈ వాద్యానికి 'ఎలెక్ట్రో అకౌస్టిక్' అన్నదే సరియైన పేరు. కాని కొనబోయేవారు పేరు కోసం దుకాణదారునితో వాదులాడి ప్రయోజనం లేదు. పట్టుబట్టి అడగవలసిన విషయాలు వేరే ఉన్నవి.

ఒక తండ్రి నెల జీతంలో కొంత మిగిల్చియో, ఒక ఉపాధ్యాయుడు తోటివారి వద్ద చందా పోగుచేసియో ఇటువంటి వాద్యాన్ని కొనితెచ్చినారనుకొనండి. నిగనిగలాడే రంగు, ప్రక్కన నాలుగు మీటలు, శ్రుతి చూపే చిన్న దీపం: చూడ ముచ్చటగా ఉన్నది. పిల్లవాడు వారం రోజులు సాధన చేస్తాడు. వ్రేళ్ల కొనలు కందిపోతవి. తీగను మెట్టుకు అదిమి పట్టడానికి బలం చాలదు. అదిమినా అపశ్రుతియే పలుకుతుంది. నెల తిరిగేసరికి వాద్యం బీరువా మీదికి చేరుతుంది. తనకు సంగీతం రాదని, తన చేయి ఇందుకు పనికిరాదని ఆ పిల్లవాడు నిశ్చయించుకొంటాడు. దోషం వాద్యానిదని అతనికి చెప్పేవారు లేరు. పోయిన డబ్బు మరల సంపాదించుకొనవచ్చును. పన్నెండేళ్ల వయస్సులో తన్ను గురించి తాను ఏర్పరచుకొన్న అభిప్రాయాన్ని మార్చుకొనడం అంత సులభం కాదు.

కనుక మొదట తెలుసుకొనవలసినది గిటారులో నాదం ఎక్కడ పుడుతుందన్న సంగతి. ఈ ప్రశ్నకు స్పెయిను దేశపు శిల్పి ఆంటోనియో డి టోరెస్ 1862లో విచిత్రమైన సమాధానం చెప్పినాడు. నేటి గిటారుకు రూపురేఖలు దిద్దినవారిలో ఆయన అగ్రగణ్యుడు. పైపలకను మాత్రం మంచి స్ప్రూసు కొయ్యతో చేసి, వీపును, ప్రక్కలను కాగితపు అట్టతో కట్టి ఆయన ఒక గిటారును నిర్మించినాడు. ఆ అట్ట గిటారు బార్సిలోనా నగరంలోని సంగీత మ్యూజియంలో భద్రంగా ఉన్నది. తీగ కదలికను అందుకొని గాలిని కదిలించేది ప్రధానంగా పైపలకయేనని దానిని చూచి చెప్పవచ్చును. వీపు ఎంత ఖరీదైన కొయ్యయైనా పైపలక మొద్దుదైతే వాద్యం మొద్దుగానే పలుకుతుంది.

పైపలకలు రెండు విధాలు. ఒకటి అచ్చమైన కొయ్య. నడుమ రెండు చెక్కలను జతపరచినా దానిని 'సాలిడ్ టాప్' అనే అంటారు. రెండవది పలుచని పొరలను జిగురుతో అతికించినది. ప్లైవుడ్‌కు దగ్గరి చుట్టం. చౌక వాద్యాలలో ఎక్కువ భాగం ఈ రెండవ జాతివే. లోపలి చీటీ మీద 'స్ప్రూస్ టాప్' అని మాత్రమే వ్రాసి, 'సాలిడ్' అన్న మాట లేకపోతే అది పొరల పలకయేనని భావించడం మేలు. కంటితో పరీక్షించే ఉపాయమూ ఉన్నది. పెట్టె నడుమనున్న గుండ్రని రంధ్రపు అంచును వెలుతురులో చూడవలెను. పైన కనిపించే నార గీతలు అంచు మందంలోనికి అలాగే దిగితే అచ్చమైన కొయ్య. అంచులో అడ్డంగా పొరలు తేలితే అతుకు పలక.

అంతమాత్రాన పొరల పలకను తీసిపారవేయనక్కరలేదు. జపాను దేశపు యమహా సంస్థ 1966లో వెలువరించిన ఎఫ్‌జీ 180 గిటారు పొరల పలకతో చేసినదే. ఆ వాద్యం నేటికీ ఆదరణ పొందుతున్నది. అచ్చమైన కొయ్య గాలిలోని తేమను పీల్చి ఉబ్బుతుంది, ఎండకు బిగుసుకొని బీట వారుతుంది. కోస్తా ఉక్కబోతను, రాయలసీమ వేసవిని, బస్సు పైకప్పు మీది ప్రయాణాన్ని తట్టుకొనేది పొరల పలకయే. పదిమంది పిల్లల చేతులలో పడి, తరగతి గది మూల నిలబడే బడి గిటారుకు అదియే తగినది. ఒక విద్యార్థి తన సొంతానికి, రోజుకు రెండు గంటలు సాధన చేసే సంకల్పంతో కొంటున్నప్పుడు మాత్రం అచ్చమైన పైపలక కొరకు మరికొన్ని నెలలు ఆగడం మంచిది.

పైపలక కంటె ముందు పిల్లవాని వ్రేళ్లను బాధించేది దండి. ఆరు ఉక్కు తీగలు కలిసి సుమారు డెబ్బది కిలోల బలంతో దానిని లాగుతూ ఉంటవి. ఆ లాగుడుకు దండి వంగితే తీగలు మెట్ల మీదనుండి ఎత్తుకు లేస్తవి. జ్యామెట్రీ పెట్టెలోని స్కేలు పట్టుకొని దుకాణానికి వెళ్లడానికి సిగ్గుపడనక్కరలేదు. పన్నెండవ మెట్టు దగ్గర, అన్నిటికంటె లావు తీగకు, మెట్టుకు నడుమ ఎడం రెండున్నర మిల్లీమీటర్ల ప్రాంతంలో ఉండవలెను; సన్నని తీగ దగ్గర అంతకంటె తక్కువ. అది నాలుగు మిల్లీమీటర్లైతే పిల్లవాడు ఆ వాద్యంతో కుస్తీ పట్టవలసినదే. ఇక బిరడల వైపున తీగలు ఆనే చిన్న ముక్కలోని గాళ్లు లోతు చాలకపోతే మొదటి మెట్టు దగ్గరనే నొప్పి మొదలవుతుంది. కొత్తవారు పట్టే స్వరాలన్నీ అక్కడివే కనుక ఈ లోపం మరింత క్రూరమైనది.

పన్నెండవ మెట్టు తీగకు సరిగా నడిమి స్థానం. అక్కడ అదిమి మీటినప్పుడు వినిపించేది వట్టి తీగ స్వరానికి పై స్థాయి స్వరం కావలెను. అదే చోట అదమకుండ వ్రేలిని తేలికగా తాకించి మీటినా ఆ స్వరమే వస్తుంది. ఈ రెండూ చెవికి ఒక్కటిగా వినిపించకపోతే ఆ గిటారు ఎన్నడూ పూర్తిగా శ్రుతిలో నిలువదు. బ్రిడ్జి అంచున ఒక సన్నని కాగితాన్ని దూర్చి చూడడం మరొక పరీక్ష. కాగితం క్రిందికి దూరిందంటే అతుకు లేవడం ప్రారంభమైనదన్నమాట.

ఇప్పటికే కొని బీరువా ఎక్కించినవారు నిరాశ చెందనక్కరలేదు. చాల గిటార్ల దండిలో ఒక ఉక్కు కడ్డీ ఉంటుంది. తెలిసినవారు చిన్న తాళపు చెవి వంటి పనిముట్టుతో దానిని బిగించి వంపును సరిచేస్తారు. బ్రిడ్జి మీది తెల్లని ముక్కను అడుగున కొద్దిగా అరగదీస్తే తీగలు దిగుతవి. మొదటి తీగ అంగుళంలో వెయ్యింట పన్నెండు వంతుల లావున్న జతను తీసివేసి, పది వంతుల జతను వేయిస్తే వ్రేళ్లకు ఎంతో ఊరట. కొద్దిపాటి ఖర్చుతో పూర్తయ్యే ఈ పనిని దుకాణాలలో 'సెటప్' అంటారు. ఎన్నో వాద్యాలను, అంతకంటె ముఖ్యంగా ఎందరో విద్యార్థులను ఈ ఒక్క పని నిలబెట్టగలదు.

మెట్లు పొదిగిన పలకను గూర్చి తెలుగువారికి ఆసక్తి కలిగించే సంగతి ఒకటున్నది. దక్షిణ భారతపు అడవులలో పెరిగే జిట్రేగి కొయ్యయే ప్రపంచమంతటా ఇండియన్ రోజ్‌వుడ్ అన్న పేరుతో గిటార్లకు వాడుకలో ఉన్నది. బ్రెజిలు దేశపు కొయ్య దుర్లభమైనప్పుడు, 1833 నుండి అమెరికాలో గిటార్లు చేస్తున్న మార్టిన్ సంస్థ 1969లో జిట్రేగికి మారినది. వృక్షరక్షణ కొరకు 2017లో ఈ జాతి కొయ్యల ఎగుమతిపై అంతర్జాతీయ నిబంధనలు వచ్చినవి. 2019లో తయారైన వాద్యాలకు మినహాయింపు లభించినది. చౌక గిటార్లలో కొన్నిట వేరే కొయ్యకు నల్లరంగు పూస్తారు. వ్రేళ్లకు రంగు అంటితే సంగతి తెలిసిపోతుంది.

ఇక విద్యుత్తు సంగతి. కొన్ని స్ఫటికాలను నొక్కితే విద్యుత్తు పుడుతుందని జాక్ క్యూరీ, పియర్ క్యూరీ సోదరులు 1880లో కనుగొన్నారు. వంటింటిలో గ్యాసు పొయ్యిని వెలిగించే లైటరు ఈ సూత్రం మీదనే నిప్పురవ్వను చిమ్ముతుంది. గిటారు బ్రిడ్జిలోని తెల్లని ముక్క క్రింద అటువంటి పదార్థాన్నే సన్నని పట్టీగా అమర్చుతారు. తీగ కంపించినప్పుడెల్ల అది నలుగుతుంది. ఆ నలుగుడు విద్యుత్ స్పందనగా మారుతుంది. ఆ స్పందన బలహీనమైనది కనుక దానిని లౌడ్‌స్పీకరు యంత్రానికి తగినట్లు సవరించే చిన్న పరికరం, దానికి తొమ్మిది వోల్టుల బ్యాటరీ పెట్టె ప్రక్కన ఉంటవి. హెలికాప్టర్ల నిర్మాత చార్లెస్ కామన్ 1966లో అమెరికాలో స్థాపించిన ఓవేషన్ సంస్థ ఈ పద్ధతికి గొప్ప ప్రచారం తెచ్చినది.

చౌక వాద్యాలలో ఈ విద్యుత్ పలుకు తరచు రేకు డబ్బాను తట్టినట్లుంటుంది. అందువలన దుకాణంలో వైరు తగిలింపించి వినకుండ కొనరాదు. ఆరు తీగలను ఒకే బలంతో మీటి చూడవలెను. పట్టీ సమంగా ఆనకపోతే ఒక తీగ గట్టిగా, వేరొకటి మూగగా వినిపిస్తుంది. ధ్వని పెంచినప్పుడు కూత పుట్టడం మరొక బెడద. లౌడ్‌స్పీకరు శబ్దానికి పైపలక తిరిగి కంపించి, ఆ కంపనం మరల యంత్రంలో చేరడం దీనికి కారణం. స్పీకరుకు ఎదురుగా నిలబడకపోవడం, రంధ్రానికి రబ్బరు మూత పెట్టడం దీనికి మందులు.

ఒకే ధరకు రెండు గిటార్లున్నప్పుడు, ఒకదానిలో ఈ విద్యుత్ పరికరం ఉండి రెండవదానిలో లేనప్పుడు, ఆ రెండవదానిలో కొయ్యకు, పనితనానికి ఎక్కువ ఖర్చు చేసి ఉంటారని ఊహించడం సహజం. చాల వరకు నిజం కూడ. పెట్టె మీద అంటించే చిన్న కాంటాక్టు మైకును తరువాత ఎప్పుడైనా కొనవచ్చును. వైణికులు వీణకు అటువంటిదానిని అమర్చుకొని కచేరీలు చేయడం శ్రోతలెరిగినదే. వార్షికోత్సవంలో రెండు పాటలకైతే గిటారు ముందు మామూలు మైకు నిలిపినా సరిపోతుంది. కొయ్యను, దండిని మాత్రం తరువాత మార్చుకొనలేరు. వారం వారం వేదిక ఎక్కి, నిలబడి, అటునిటు కదులుతూ పాడేవారికి లోపల అమర్చిన పరికరమే సౌకర్యం. వారు ఆ మేరకు ఎక్కువ ధర పెట్టడం న్యాయమే.

విద్యుత్తు సంగీతానికి శత్రువని ఇందుకు అర్థం చెప్పరాదు. పాలకొల్లులో 1969లో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ మాండొలిన్ మీద కర్ణాటక సంగీతాన్ని పలికించి ప్రపంచాన్ని ఆశ్చర్యపరచినారు. మామూలు మాండొలిన్‌లో స్వరం పుట్టిన వెంటనే ఆరిపోతుంది. గమకానికి అది చాలదు. ఆయన విద్యుత్ మాండొలిన్‌ను చేపట్టి, జంట తీగలకు బదులు అయిదు ఒంటి తీగలను అమర్చుకొన్నారు. 2014లో మరణించే వరకు ఆ వాద్యమే ఆయన గొంతు. విద్యుత్తు నుండి తనకేమి కావలెనో ఆయనకు స్పష్టంగా తెలుసు. మీటల మెరుపు చూచి కొనేవారికి ఆ స్పష్టత ఉండదు.

చిన్న చేతులకు చిన్న కొలత గిటార్లు, ఎడమచేతివాటం వారికి వేరే వాద్యాలు దొరుకుతవి. శ్రుతి చూపే యంత్రం కొరకు అదనంగా ఖర్చు చేయనక్కరలేదు. చేతిలోని ఫోను ఆ పని చేస్తుంది. మిగిలిన డబ్బుతో మెత్తని సంచి, ఒక జత అదనపు తీగలు కొనడం మంచిది. ఇక వైరు ఉన్న గిటారునే కొన్నవారు గుర్తుంచుకొనవలసిన చిన్న విషయం ఒకటున్నది. సాధారణంగా ఈ గిటార్లలో వైరును దూర్చగానే లోపలి బ్యాటరీ పనిచేయడం ప్రారంభిస్తుంది, తీసివేస్తే ఆగుతుంది. పాట ముగిసిన తరువాత వైరును అలాగే ఉంచి గోడకు చేరవేస్తే, వాయించకపోయినా బ్యాటరీ ఊరకే ఖర్చవుతూ ఉంటుంది.