శివారుకూ వెలుగు అందాలి

ఎల్‌సీడీ తెరకు సొంత వెలుతురు లేదు. అందులోని ద్రవస్ఫటికాలు వెనకనుంచి వచ్చే కాంతిని వదలడమో ఆపడమో చేస్తాయి తప్ప ఒక్క కిరణాన్ని కూడా పుట్టించలేవు. పాత చేతిగడియారాలు, కాలిక్యులేటర్లు గదిలో ఉన్న వెలుతురుతోనే నెట్టుకొచ్చాయి. లాప్‌టాప్‌లు, టీవీలు వచ్చేసరికి తెర వెనక దీపం పెట్టక తప్పలేదు. అసలు తంటా అక్కడే మొదలైంది. దీపం ఉండేది ఒకచోట, వెలుతురు కావలసింది తెరంతా. ఇవాళ చాలా 32 అంగుళాల టీవీల వెనక ఉండే ఎల్ఈడీలు 30కి మించవు. అయినా తెల్లటి బొమ్మ వేస్తే ఏ దీపం ఎక్కడుందో పోల్చుకోలేం. ఆ ఘనత దీపాలది కాదు. వాటి చుట్టూ అమర్చిన తెల్ల షీట్లదీ, చుక్కలదీ, లెన్సులదీ.

తొలిరోజుల్లో తెర వెనక వెలిగినవి సన్నటి ఫ్లోరసెంట్ గొట్టాలు. లోపల పాదరసపు ఆవిరి, వెలగడానికి వందల వోల్టులు. వాటితో ఒక సుఖం ఉండేది. గొట్టం తెర పొడవునా ఉంటుంది కాబట్టి కనీసం ఒక దిశలో వెలుతురు దానంతటదే సమంగా పరుచుకునేది. ఎల్ఈడీ అలా కాదు, అది ఒట్టి చుక్క. 1993లో జపాన్‌కు చెందిన నిచియా కంపెనీ ప్రకాశవంతమైన నీలి ఎల్ఈడీని ప్రకటించింది. 1996లో దానికి పసుపు ఫాస్ఫర్ జతచేసి తెల్లటి వెలుగు రాబట్టింది. నీలి ఎల్ఈడీని సాధించిన అకసాకి, అమానో, నకమురాలకు 2014లో భౌతికశాస్త్రంలో నోబెల్ దక్కింది. 2004లో సోనీ క్వాలియా 005 అనే టీవీలో గొట్టాలను తీసేసి ఎల్ఈడీలు పెట్టింది. పాదరసం బెడద పోయింది కానీ, సమంగా పంచే పని మరింత కష్టమైంది.

ఎంత కష్టమో ఒక చిన్న లెక్క చెబుతుంది. మామూలు ఎల్ఈడీ వెలుగు ఎదురుగా దట్టంగా, పక్కలకు పోయేకొద్దీ పలచగా ఉంటుంది. ఈ తీరును 1760లోనే లాంబర్ట్ అనే శాస్త్రవేత్త సూత్రీకరించాడు. పైగా పక్కకు పోయేకొద్దీ కిరణం నడవాల్సిన దూరం పెరుగుతుంది, అది తెరమీద పడటమూ ఏటవాలుగానే పడుతుంది. అన్నీ కలిపితే వెలుతురు, కిరణం పక్కకు వాలిన కోణపు కొసైన్‌కు నాలుగో ఘాతంగా తగ్గుతుంది. ఎల్ఈడీకి సరిగ్గా పైన 100 పాళ్లు పడితే 45 డిగ్రీల వాలులో పడేది 25 పాళ్లే. 60 డిగ్రీలకు వెళితే 6 పాళ్లు మిగులుతాయి. తెరను దీపాలకు దూరంగా జరిపితే తేడా తగ్గుతుంది కానీ టీవీ పెట్టెలా లావవుతుంది. పలచగానూ ఉండాలి, సమంగానూ ఉండాలి. ఇంజనీర్లు దీనికి రెండు దారులు వెతికారు.

మొదటి దారిలో దీపాలను తెర అంచున పెడతారు. వాటి పక్కన పారదర్శకమైన యాక్రిలిక్ పలక ఉంటుంది. టీవీలో దాని మందం కొన్ని మిల్లీమీటర్లు. ఈ పలక వక్రీభవన గుణకం 1.49. అందువల్ల లోపలి కిరణం ఉపరితలాన్ని, దాని లంబరేఖతో 42 డిగ్రీలకు మించిన కోణంలో తాకితే బయటికి రాలేక మళ్లీ లోపలికే పరావర్తనం చెందుతుంది. 1840లలో జెనీవాలో కొలాడన్ అనే శాస్త్రవేత్త నీటిధార వెంట కాంతిని వంచి చూపించింది ఈ సూత్రంతోనే. ఇలా బందీ అయిన వెలుగును బయటికి తేవడానికి పలక అడుగున తెల్లటి చుక్కలు అచ్చువేస్తారు. చుక్కను తాకిన కిరణం చెదిరి, దారి మారి, పైకి వస్తుంది.

ఆ చుక్కల అమరికలోనే ఉంది కిటుకంతా. కాలువ మొదట్లో ఉన్న రైతులు తూములు బార్లా తెరిస్తే శివారు ఆయకట్టుకు చుక్కనీరు అందదు. ఇక్కడా అంతే. పలకను పది సమాన భాగాలనుకుంటే, దీపం పక్కనున్న మొదటి భాగం తన దాకా వచ్చిన వెలుగులో పదో వంతే వదలాలి. రెండోది మిగిలినదాంట్లో తొమ్మిదో వంతు, మూడోది ఎనిమిదో వంతు. చివరి భాగం మిగిలినదంతా వదిలేయాలి. అందుకే దీపం దగ్గర చుక్కలు చిన్నవిగా, ఎడంగా ఉంటాయి. దూరం పోయేకొద్దీ పెద్దవై దగ్గరవుతాయి. అవి మరీ వరుసగా ఉన్నా చిక్కే. తెరలోని పిక్సెళ్ల గళ్లతో కలిసి లేనిపోని చారలు కనబడతాయి. అందుకని కావాలనే వాటిని కాస్త అటూఇటూ జరుపుతారు.

చెదిరిన కిరణాలన్నీ పైకే పోవు, సగం దాకా కిందికి దిగుతాయి. వాటిని తిప్పి పంపడానికి పలక కింద తెల్ల షీటు పరుస్తారు. అది సూక్ష్మమైన గాలి బుడగలు నింపిన ప్లాస్టిక్. పైన వేసే పట్టకాల ఫిల్ము కూడా సరైన దిశలో రాని కిరణాలను వెనక్కి కొడుతుంది. కాబట్టి ఒక కిరణం బయటపడేలోపు ఎన్నోసార్లు ఆ షీటును తాకుతుంది. పదిసార్లు తాకిందనుకుందాం. తాకినప్పుడల్లా 95 శాతం తిరిగొస్తే చివరికి మిగిలేది 60 శాతం. 98 శాతం తిరిగొస్తే 82 శాతం. మూడు శాతం తేడా ఎక్కడికి పోతుందో చూడండి! అమెరికాలోని 3ఎం కంపెనీ శాస్త్రవేత్తలు లోహం లేకుండా, వందల పలచని ప్లాస్టిక్ పొరలతో ఇలా వెలుగును తిప్పికొట్టే అద్దం తయారుచేసి, దాని వెనకనున్న సూత్రాన్ని 2000లో ‘సైన్స్’ పత్రికలో వివరించారు.

రెండో దారిలో ఎల్ఈడీలు తెర వెనకే వరుసలు తీరి ఉంటాయి. ఒక్కోదానిమీద ఒక లెన్సు. కొన్ని లెన్సుల నడినెత్తిన గరాటులాంటి గుంట ఉంటుంది. నేరుగా పైకి పోబోయే వెలుగును అది పక్కలకు మళ్లిస్తుంది. ఆ వెలుగు అడుగున పరిచిన తెల్ల షీటు మీద పడి, చెదిరి, దీపాల మధ్య ఖాళీలను నింపుతుంది. ఇక్కడ మెరిసే అద్దం పెడితే ప్రతి దీపానికీ ప్రతిబింబం కనబడుతుంది. అందుకే చెదరగొట్టే తెలుపు కావాలి. మూలలు చీకటి పడకుండా షీటు అంచులను ఏటవాలుగా పైకి మడుస్తారు. కొన్ని డిజైన్లలో దీపం పైన రంధ్రాల పలక ఉంటుంది. నడుమ సన్న రంధ్రాలు, బయటికి పోయేకొద్దీ పెద్దవి. టీవీ తెరమీద గుండ్రటి తెల్ల మచ్చలు వచ్చాయంటే చాలాసార్లు జిగురు ఊడి లెన్సు రాలిపోయినట్టు. రిపేరు షాపులవాళ్లకు ఇది బాగా తెలిసిన జబ్బు.

మినీ ఎల్ఈడీలు ఈ కథను మలుపు తిప్పాయి. 2021లో వచ్చిన 12.9 అంగుళాల ఐప్యాడ్ ప్రోలో 10,000కు పైగా ఎల్ఈడీలను 2,596 జోన్లుగా విడగొట్టారు. చీకటి ఉండాల్సినచోట ఆ జోన్ దీపాలను తగ్గించేస్తారు. ఇప్పుడు వెలుగు పక్క జోన్‌లోకి పారితే నల్లటి తెరమీది తెల్ల అక్షరాల చుట్టూ మసక వెలుగు అలముకుంటుంది. దాన్ని ఆపడానికి జోన్ల మధ్య తెల్ల గోడలు కట్టవచ్చు. కానీ గోడ ఎత్తు పెరిగితే తెల్లటి తెరమీద గళ్లు కనిపిస్తాయి, తగ్గితే మసక తిరిగొస్తుంది. ఈ రాజీ ఎక్కడ కుదురుతుందో తేల్చడానికి కంప్యూటర్లో లక్షల కిరణాలను వదిలి, ఒక్కోదాని దారీ లెక్కగడతారు.

ఇంత చేసినా నూటికి నూరుపాళ్లు సమానం చేయరు, అవసరమూ లేదు. నడుమ నుంచి అంచుకు మెల్లగా తగ్గే వెలుగును కన్ను పట్టించుకోదు. చిన్న తేడా అయినా ఒక్కసారిగా వస్తే మాత్రం వెంటనే పట్టేస్తుంది. కాబట్టి మంచి డిజైనంటే తేడాలు లేనిది కాదు, ఉన్న తేడాలు గీతలు కట్టకుండా చూసుకున్నది. టీవీల ప్రచారంలో ఎన్ని నిట్ల (తెర ప్రకాశపు కొలత) వెలుగో గొప్పగా చెబుతారు, అది ఎంత సమంగా పడుతుందో చెప్పేవాళ్లు అరుదు. కొనేముందు దుకాణంలో తెరనిండా ఒకే బూడిదరంగు బొమ్మ వేయించండి. నాలుగు మూలలూ, అంచులూ చూడండి. మచ్చలూ చారలూ కనబడితే ఎన్ని నిట్లున్నా ఆ టీవీ వదిలేయండి.