మందును మింగే మట్టి

తుమకూరు జిల్లా పావగడ తాలూకాకు మూడు వైపులా ఆంధ్ర పొలాలే. చాలా ఊళ్లలో మాట తెలుగు, నేల ఎర్రమన్ను, ముఖ్యమైన పంట వేరుశనగ. వానలు తక్కువ, కూలి ఖర్చు ఎక్కువ. ఇలాంటి మెట్ట సీమల్లో గుంటక తోలి, మనుషులతో కలుపు తీయించే చోటికి కలుపు మందు డబ్బా వస్తోంది. కలుపు చచ్చాక ఆ మందు ఏమవుతుంది? తడి ఉన్న నేలలో సూక్ష్మజీవులు దాన్ని విరగ్గొడతాయి. ఎండిన నేలలో ఆ పని మందగిస్తుంది. మిగిలిన మందు తర్వాతి పైరు మీద పడుతుంది.

దీనికి విరుగుడు కూడా మట్టిలోనే పుట్టింది. ఆ కథకు మూలం అట్రజిన్. స్విట్జర్లాండ్‌కు చెందిన గైగీ కంపెనీ 1958 ప్రాంతంలో తెచ్చిన కలుపు మందు ఇది. మొక్కజొన్నలో ఎక్కువగా వాడతారు. కలుపు ఆకుల్లో కిరణజన్య సంయోగక్రియను ఇది అడ్డుకుంటుంది.

కొన్ని దశాబ్దాలకు, అమెరికాలో ఈ మందు ఒలికిన చోటి మట్టిలో ఒక సూడోమొనాస్ బ్యాక్టీరియా దొరికింది. మందులోని నత్రజనినే తిండిగా చేసుకుని బతుకుతోంది! మిన్నెసోటా విశ్వవిద్యాలయానికి చెందిన మాండెల్‌బామ్, అలన్, వాకెట్ 1995లో ఈ సంగతి ప్రకటించారు.

దాని ఆయుధం ‘ఏటీజెడ్-ఏ’ అనే ఎంజైమ్. అట్రజిన్ వలయానికి అంటుకున్న క్లోరిన్‌ను ఊడదీసి, ఆ చోట హైడ్రాక్సిల్‌ను పెడుతుంది. అంతే, కోరలు తీసిన పాములా మందుకు మొక్కను చంపే శక్తి పోతుంది. మిగతా ఎంజైములు దాన్ని ముక్కలు చేసి, చివరికి బొగ్గుపులుసు వాయువుగా, అమ్మోనియాగా మారుస్తాయి. మెలమైన్‌ను విడగొట్టే మరో ఎంజైమ్ దీనికి తోబుట్టువు. ఒక్కోదానిలో 470కి పైగా అమైనో ఆమ్లాలుంటే, రెండింటికీ తేడా 9 చోట్లే. కొత్త విషం ఎదురైతే ప్రకృతి పాత పనిముట్టునే ఎంత సులువుగా సానబెట్టుకుంటుందో చూడండి.

ప్రయోగశాల దాటి ఈ ఎంజైమ్ నేల మీదికి వచ్చింది. దాన్ని దండిగా తయారుచేసేలా ఈ.కోలి బ్యాక్టీరియాను మార్చి, అవి బయట పెరగకుండా చంపి, మందు ఒలికిన మట్టిలో కలిపారు. 2000లో వెలువడిన ఫలితాల ప్రకారం 8 వారాల్లో అట్రజిన్ 52 శాతం తగ్గింది. ఫాస్ఫేట్ కూడా జోడించిన మడుల్లో 77 శాతం తగ్గింది. తడి మాత్రమే ఇచ్చిన మడుల్లో తగ్గనే లేదు.

మొక్కలూ ఈ పనిలో తోడవుతాయి. అయోవాలో పాప్లర్ చెట్లు వేళ్లతో అట్రజిన్‌ను పీల్చుకుని, లోపలే విరగ్గొట్టడం శాస్త్రవేత్తలు గమనించారు. మన మొక్కజొన్న ఈ మందుకు చావకపోవడానికి కారణం కూడా అదే: తన ఒంట్లోనే దాన్ని నిర్వీర్యం చేసుకుంటుంది. వేళ్ల చుట్టూ ఉన్న మట్టిలో సూక్ష్మజీవులు దట్టంగా చేరతాయి కనుక అక్కడ శుద్ధి చురుగ్గా సాగుతుంది.

అయితే ఇవన్నీ ప్రాణమున్న పనిముట్లు. వాటికి తడి కావాలి, సమయం కావాలి. మొక్కజొన్న తర్వాత పప్పుధాన్యాలు వేసే రైతులు ముందుగా ఒక చిన్న పరీక్ష చేసుకోవచ్చు. ఒక కుండీలో ఆ పొలం మట్టి, మరో కుండీలో మందు తగలని మట్టి నింపండి. రెండింటిలో దోస గింజలు నాటి, ఎండ తగిలే చోట ఉంచి, మూడు వారాలు చూడండి. పొలం మట్టిలోని మొక్కల ఆకులే అంచుల నుంచి పసుపెక్కి మాడితే మందు ఇంకా మిగిలి ఉండొచ్చు. అలాంటప్పుడు విత్తడం ఆపండి, మట్టికి గడువివ్వండి.