లంకెబిందెల వేట: యంత్రం ఏం చెబుతుంది, నేల ఏం చెబుతుంది?

లంకెబిందెలు అనే మాట వినని తెలుగిల్లు ఉండదు. రెండు బిందెలకు గొలుసుతో లంకె వేసి, వాటి నిండా బంగారం పోసి, భూమిలో పాతిపెట్టారని కథ. మన పద్మానగర్‌లో కరీంనగర్ నుంచో, నల్లగొండ నుంచో, వరంగల్ నుంచో వచ్చిన పెద్దవాళ్ళను అడిగి చూడండి. "మా ఊరి గడీల ఉన్నయట", "మా గుట్ట మీద ఉన్నయట" అని ఏదో ఒక కథ తప్పకుండా చెబుతారు. ఇది కథల్లో మాత్రమే ఉన్న ఆశ కూడా కాదు. పాత దానశాసనాల్లో భూమిని ఇచ్చేటప్పుడు అష్టభోగాలతో సహా ఇస్తున్నామని రాసేవారు. నిధి, నిక్షేపం, జలం, పాషాణం, అక్షిణి, ఆగామి, సిద్ధం, సాధ్యం అనేవి ఆ ఎనిమిది భోగాలు. వాటిలో మొదటి రెండూ భూమిలో దాగి ఉన్న ధనం గురించినవే. అంటే నేల కింద ఏదైనా ఉండవచ్చనే ఆలోచన మన దస్తావేజుల్లోకి కూడా ఎక్కింది.

ఇప్పుడు ఆ ఆశ చేతికి ఒక యంత్రం వచ్చింది. అదే మెటల్ డిటెక్టర్. ఫోన్ తెరిస్తే చాలు, కర్రకు చక్రం తగిలించుకుని పొలాల్లో తిరిగేవాళ్ళ వీడియోలు కనిపిస్తాయి. "వంద మీటర్ల దూరం నుంచే బంగారాన్ని పట్టేస్తుంది" అని వేలు, లక్షలు తీసుకుని యంత్రాలు అమ్మేవాళ్ళూ ఉన్నారు. అసలు ఈ యంత్రం ఎలా పనిచేస్తుంది, దానికి ఏది తెలుస్తుంది, ఏది తెలియదు అన్నది తెలుసుకుంటే మోసపోయే అవకాశం సగం తగ్గుతుంది.

డిటెక్టర్ కింది చక్రంలో రాగి తీగ చుట్ట ఉంటుంది. అందులో కరెంటు అటూ ఇటూ మారుతూ పారుతుంటే చుట్టూ అయస్కాంత క్షేత్రం ఏర్పడి నేలలోకి దిగుతుంది. అక్కడ లోహం ఉంటే దానిలో చిన్న చిన్న సుడుల్లాగా విద్యుత్తు పుడుతుంది. వీటినే ఎడ్డీ ప్రవాహాలు అంటారు. ఆ సుడులు తమ సొంత అయస్కాంత క్షేత్రాన్ని తిరిగి పైకి పంపుతాయి. యంత్రం దాన్ని పట్టుకుని కూత పెడుతుంది. అంతే సంగతి. యంత్రానికి బంగారం అనే మాట తెలియదు. దానికి తెలిసింది విద్యుత్తును పారనిచ్చే వస్తువు ఒకటి దగ్గర్లో ఉందన్నది మాత్రమే. అది ఉంగరం కావచ్చు, సోడా సీసా మూత కావచ్చు, సాంచె నుంచి ఊడిపడిన నట్టు కూడా కావచ్చు.

లోతు సంగతి కూడా చూడాలి. మామూలు యంత్రం ఒక నాణేన్ని జానెడు, మహా అయితే అంతకు కొంచెం ఎక్కువ లోతులో పట్టగలదు. బిందెలాంటి పెద్ద వస్తువైతే ఇంకాస్త లోతులో ఉన్నా తెలుస్తుంది. వంద మీటర్ల దూరం నుంచి బంగారాన్ని మాత్రమే ఏరి చూపించే సూత్రం భౌతికశాస్త్రంలో లేదు. అలా చెప్పి అమ్మేది యంత్రం కాదు, మన ఆశనే మనకు తిరిగి అమ్మడం.

ఇక అసలు చిక్కు నేలతో వస్తుంది. ఒక చిన్న అయస్కాంతాన్ని కాగితంలో చుట్టి మన భివండి మట్టిలో నాలుగుసార్లు తిప్పి తీయండి. కాగితానికి సన్నటి నల్లటి రేణువులు అంటుకుంటాయి. మనం నిలబడ్డ ఈ నేల దక్కన్ నాపల మీద ఉంది. సుమారు 6.6 కోట్ల ఏళ్ళ కిందట పొరలు పొరలుగా పారిన లావా గడ్డకట్టి ఈ నల్లరాయి అయింది. దానిలో మాగ్నటైట్ అనే ఇనుప ఖనిజం ఉంటుంది. కొంకణంలో కనిపించే ఎర్రటి జేగురు రాయిలోనూ ఇనుమే ఎక్కువ. ఇలాంటి నేల మీద డిటెక్టర్ పెడితే లోపల ఏ వస్తువూ లేకపోయినా నేలే జవాబు చెబుతుంది. ఆ జవాబు హోరులో చిన్న వస్తువు జవాబు మునిగిపోతుంది.

మనకు అర్థమయ్యే పోలిక ఒకటుంది. షెడ్డులో ముప్పై సాంచెలు ఒక్కసారే నడుస్తున్నాయనుకోండి. కొత్తగా వచ్చినవాళ్ళకు పక్కన నిలబడి పిలిచినా వినబడదు. ఏళ్ళ తరబడి పనిచేసినవాళ్ళకు మాత్రం అంత మోతలోనూ తమ సాంచె చప్పుడు కాస్త మారితే తెలిసిపోతుంది. వాళ్ళ చెవి ఆ మోతను పక్కకు పెట్టడం నేర్చుకుంది. డిటెక్టర్‌కు కూడా ఇదే నేర్పాలి. దీన్ని గ్రౌండ్ బ్యాలెన్స్ అంటారు. లోహం లేని చోట చక్రాన్ని నేలకు దగ్గరగా, దూరంగా నాలుగైదుసార్లు ఎత్తి దించుతారు. మాగ్నటైట్ నుంచి వచ్చే జవాబు దాదాపు ఆలస్యం లేకుండా వస్తుంది, లోహం నుంచి వచ్చే జవాబు కొద్దిగా వెనకబడి వస్తుంది. ఆ తేడాను పట్టుకుని యంత్రం నేల జవాబును తీసివేస్తుంది.

ఖనిజం మరీ ఎక్కువైతే ఇది కూడా చాలదు. అప్పుడు పల్స్ ఇండక్షన్ అనే పద్ధతి వాడతారు. ఇందులో కరెంటును ఒక్క దెబ్బలాగా పంపి, వెంటనే ఆపి, ఆ తర్వాత వచ్చే ప్రతిధ్వనిని వింటారు. లోహంలో పుట్టిన సుడులు చల్లారడానికి మైక్రోసెకన్లు పడుతుంది. ఆ కొద్ది సమయంలోనే యంత్రం తేల్చుకోవాలి. కొన్ని ఎర్రమట్టి నేలల జవాబు కూడా అలాగే మెల్లగా చల్లారుతుంది కాబట్టి ఈ పద్ధతి కూడా ఒక్కోసారి తడబడుతుంది.

ఈ ఇబ్బంది యంత్రంతో పాటే పుట్టింది. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్ఫీల్డ్ మీద కాల్పులు జరిగాయి. ఆయన ఒంట్లో ఉండిపోయిన తూటా ఎక్కడుందో కనిపెట్టడానికి, టెలిఫోన్ కనిపెట్టిన గ్రాహంబెల్ ఇలాంటి యంత్రాన్నే తెచ్చాడు. తూటా దొరకలేదు. పరుపులోని ఉక్కు స్ప్రింగులు కూడా జవాబు ఇచ్చి యంత్రాన్ని తికమకపెట్టాయి. ఆ పరుపు చేసిన పనే మన నల్లనేల కూడా చేస్తుంది.

మరి నిజంగా బంగారం ఉన్న నేలలో? కర్నూలు జిల్లా తుగ్గలి మండలం జొన్నగిరి దగ్గర బంగారు ఖనిజం ఉంది, గని ఉంది. అయినా అక్కడ డిటెక్టర్ పట్టుకుని తిరిగితే ఏమీ దొరకదు. టన్ను రాయిలో కొద్ది గ్రాముల బంగారం, అదీ కంటికి కనబడని రేణువులుగా ఉంటుంది. ఆస్ట్రేలియాలోని విక్టోరియాలో 1980లో డిటెక్టర్‌తోనే 27 కిలోల బంగారు ముద్ద దొరికిన మాట నిజమే. అక్కడ బంగారం ముద్దలుగా మట్టిలో ఉంటుంది. ఆ నేల వేరు, మన నేల వేరు. ఆ వీడియో చూసి ఇక్కడ తవ్వితే చేతికి మట్టే మిగులుతుంది.

అదే తుగ్గలి మండలంలోని చెన్నంపల్లి కోటలో 2017 డిసెంబరులో గుప్తనిధి కోసం తవ్వకాలు మొదలయ్యాయి. అధికారుల సమక్షంలోనే, ఊరివాళ్ళ అభ్యంతరాల మధ్యే తవ్వారు. ఎముకలు బయటపడ్డాయి గానీ చెప్పుకున్న నిధి మాత్రం దొరకలేదు. కోట నేల మాత్రం చెదిరిపోయింది. చెదిరిన నేలను మళ్ళీ పాతలాగా పేర్చడం ఎవరివల్లా కాదు.

"చెదిరితే ఏమైంది, మట్టే కదా" అనిపించవచ్చు. దీనికి జవాబు మన రెండు ఊళ్ళ చరిత్రలోనే ఉంది.

ఇప్పటి జగిత్యాల జిల్లాలో గోదావరి ఒడ్డున కోటిలింగాల అనే ఊరుంది. అక్కడ వానలకు మట్టి కొట్టుకుపోయినప్పుడు ఊరివాళ్ళకు పాత నాణేలు దొరికేవి. బంగారం కాదు, మామూలు లోహపు బిళ్ళలు. సంగనభట్ల నరహరిశర్మ గారు వాటిని సేకరించి పురావస్తు శాఖలోని పి.వి. పరబ్రహ్మశాస్త్రి గారికి చూపించారు. వాటి మీది బ్రాహ్మీ లిపిలో ఛిముక అనే పేరు కనిపించింది. అది శాతవాహన వంశపు మొదటి రాజు సిముకుడి పేరేనని పండితులు గుర్తించారు. అదే సిముకుడి పేరు మన కల్యాణ్ నుంచి జున్నర్ వెళ్ళే పాత కనుమదారిలో, నానేఘాట్ గుహలో, రాతి మీద చెక్కి ఉంది. శాతవాహనులు మొదట ఎక్కడివాళ్ళు అనే చర్చలో కోటిలింగాల పేరు వినబడడానికి కారణం ఆ చిన్న బిళ్ళలు. కరీంనగర్ నుంచి మన తాతలు రైలెక్కి ఇటు రావడానికి రెండువేల ఏళ్ళ ముందే ఆ రెండు చోట్లనూ కలిపిన పేరు అది.

ఒక్కటి ఆలోచించండి. ఆ నాణేలను ఎవరో గుట్టుగా తవ్వి తీసి, ముంబయిలో ఏ దుకాణంలోనో అమ్మేసి ఉంటే? నాణెం ఉండేది, పేరు కూడా ఉండేది. ఎక్కడ దొరికిందన్నది పోయేది. దానితో పాటే ఆ చర్చలో కోటిలింగాల పేరు కూడా పోయేది.

ఇంకా దగ్గరి ఉదాహరణ నాలాసొపారా. 1882లో అక్కడి స్తూపాన్ని భగవాన్‌లాల్ ఇంద్రజీ తవ్వించినప్పుడు ఒక పెద్ద రాతి పెట్టె, అందులో ఒకదానిలో ఒకటి అమర్చిన భరిణెలు, బంగారు పువ్వులు బయటపడ్డాయి. వాటితోపాటు యజ్ఞశ్రీ శాతకర్ణి వెండి నాణెం ఒకటి ఉంది. బరువుకు తూస్తే ఆ నాణెం విలువ ఎంతో ఉండదు. కానీ ఆ పెట్టె ఏ కాలంలో మూసిందో ఊహించడానికి ఆధారం అదే. పెట్టెలోంచి దాన్ని విడిగా తీసి అమ్మి ఉంటే ఆ ఆధారం ఉండేది కాదు. పడుగు నుంచి లాగేసిన పోగును చూసి అది ఏ చీరలోదో చెప్పలేం. నేల నుంచి ఊడదీసిన వస్తువు కూడా అంతే.

చట్టం ఏమంటుందో కూడా తెలిసి ఉండాలి. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. భూమిలో దాగిన పది రూపాయలకు మించిన విలువైనది ఏది దొరికినా వీలైనంత త్వరగా కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. ఏం దొరికింది, ఎక్కడ దొరికింది, ఏ రోజున దొరికింది అనే మూడు సంగతులూ రాయాలి. చెప్పకుండా దాచుకుంటే ఏడాది వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. చెప్పినవాళ్ళకు ఏమీ మిగలదన్నది అపోహ. విచారణలో సొంతదారు ఎవరూ లేరని తేలితే దొరికినవాళ్ళకు, భూమి యజమానికి వాటా ఉంటుంది. వేరే ఒప్పందం లేకపోతే నాలుగింట మూడు వంతులు దొరికినవాళ్ళకు, ఒక వంతు యజమానికి. ప్రభుత్వమే తీసుకోదలిస్తే లోహపు విలువకు ఐదో వంతు కలిపి చెల్లించాలి. రక్షిత కట్టడాల దగ్గర మాత్రం 1958 నాటి చట్టం ప్రకారం అనుమతి లేకుండా తవ్వడమే నేరం.

2021 ఏప్రిల్‌లో జనగామ జిల్లా పెంబర్తిలో నేల చదును చేస్తుండగా బంగారు, వెండి నగలున్న బిందె బయటపడింది. విషయం అధికారులకు చేరింది, వాళ్ళు వచ్చి స్వాధీనం చేసుకున్నారు. అక్కడ ఏ డిటెక్టరూ లేదు. చాలాచోట్ల ఇంతే. నాగలికో, జేసీబీకో, వానకో దొరుకుతాయి. వెతికేవాళ్ళకు కాదు, పనిచేసుకునేవాళ్ళకు దొరుకుతాయి. రేపు మన ఊళ్ళో ఇల్లు కట్టేటప్పుడు మనకే దొరకవచ్చు.

అప్పుడు చేయాల్సినవి నాలుగే. తవ్వడం ఆపాలి. దొరికిన చోటును, లోతును, పక్కన ఏమున్నాయో రాసి పెట్టుకోవాలి, ఫోటో తీయాలి. తహసీల్దారుకో పోలీసులకో చెప్పి, కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. నాలుగోది మన ఆడవాళ్ళకు ముఖ్యంగా చెప్పాలి. చింతపండు వేసి తోమకూడదు! ఇంట్లో రాగిచెంబు తళతళలాడించే ఆ చేతులే నాణెం మీది పచ్చటి పొరనూ, దానితోపాటు అక్షరాలనూ అరగదీస్తాయి. ఆ అక్షరాల్లో ఏ పేరుందో మనకంటే ముందు చదివినవాళ్ళు లేకపోవచ్చు.